బురదకు ఎండ చూపించిన నెల

పుష్యం 3. మట్టం: ఏడు జానల రెండు వేళ్ళు

చెరువు కొలబద్ద మీద నాచు గీకి అంకె చూశాను. గీత కన్నా రెండు వేళ్ళు పైనే ఉంది. లంక కొలత పుస్తకంలో ఎక్కించాను. ఆ పుస్తకంలో అంకె తప్ప ఇంకో అక్షరం రాయకూడదని ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం నాతో చెప్పారు. మొక్కల శాస్త్రం చదివినవాణ్ణి, నాలుగు భాషల్లో పుస్తకాలు తిరగేసినవాణ్ణి, రోజుకో అంకె రాసే పనిలో కూర్చోబెట్టారు. రాస్తూనే ఉన్నాను. మిగిలిన మాటలకు ఈ రెండో పుస్తకం.

ఇవాళ మిగిలిన మాట ఇది. తూర్పు గట్టు లోపలి అంచున జమ్ము ఒరిగి ఉంది. గాలి లేదు, అల లేదు. పడవ ఆనించి ఒక కాడ పట్టుకుంటే దుంపతో సహా చేతికి వచ్చేసింది. మంచి జమ్ము దుంపను బురదలోంచి పీకాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇది ఉడికిన చేమదుంపలా వేళ్ళ మధ్య జారింది. వాసన చూసి నీళ్ళలో పారేశాను.

ఒక్క మొక్కైతే రాసేవాణ్ణి కాదు. నలభై బారల పొడవునా అలాగే ఉంది.

పుష్యం 9. మట్టం: ఏడు జానల రెండు వేళ్ళు

అరవై బారలు. గట్టు పెద్ద మార్తమ్మకు చెప్పడానికి వెళ్ళాను. ఆమె జల్లెడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని దాని నోటిని కుంచెతో తోముతోంది. చెరువు నీరు ఆ యంత్రంలో పడి బయటికొస్తే తప్ప ఈ లంకలో ఎవరూ తాగలేరు. అందుకే ఆ పని ఆమె ఇంకొకరికి ఇవ్వదు.

"ఎరువు తక్కువైందేమో బాబాయ్," అంది.

"మనిషి చచ్చి పడి ఉంటే అన్నం తక్కువైందేమో అన్నట్టుంది."

"పొద్దున్నే మొదలెట్టకు. ఏం చెయ్యాలో చెప్పు."

"కొత్త మొక్కలు కావాలి."

"దానికేం? పడమటి గట్టున బోలెడు దుంపలున్నాయి. కోసి నాటిద్దాం."

"పడమటి దుంప, తూర్పు దుంప అని రెండు లేవమ్మా. గట్టు చుట్టూ ఉన్నది ఒక్కటే మొక్క. ఒక్క దుంపను ముక్కలు చేసి నాటాం. అవి పాకితే వాటినీ ముక్కలు చేసి నాటాం. తూర్పున దాన్ని చంపినది పడమట దాన్ని వదిలిపెడుతుందా?"

కుంచె ఆగింది. మార్తమ్మకు నలభై ఆరేళ్ళు. భయపడితే నవ్వే అలవాటు ఉంది. ఇవాళ నవ్వలేదు. జమ్ము వేళ్ళు పట్టుకుని ఉంటేనే మట్టి గట్టు నిలబడుతుంది. గట్టుకు అవతల ఉప్పు సముద్రం. పోయినేడు ఏడో లంక గట్టు జారినప్పుడు, అవతలి ఒడ్డు మెట్టవాళ్ళు గాలిపడవల్లో వచ్చి జనాన్ని లెక్కపెట్టి తొమ్మిది శిబిరాలకు పంచారు. మార్తమ్మ అక్క ఒక శిబిరంలో ఉంది. అక్క పిల్లలు ఇంకో శిబిరంలో ఉన్నారు. మన లంకలో నాలుగు వందల పన్నెండు మందిమి.

"ఎన్నాళ్ళు నిలబడుతుంది?" అంది.

"తొలకరి గాలులు మొదలయ్యే దాకా."

పుష్యం 14. మట్టం: ఏడు జానల రెండు వేళ్ళు

కారణం దొరికింది. సంతోషించాల్సింది. ఓపిక లేదు.

కోతగాళ్ళ పెద్ద మోరు కొండలు నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. చేపలు పట్టిన చేతులు.

"ఏవండీ పంతులుగారూ, మా కొడవళ్ళ మీద పడ్డారంట?"

"కార్తీకంలో కంకులు కోసేటప్పుడు కాడ ఎక్కడ తెంపుతున్నారు?"

"నీటి బారునండి, నీళ్ళకి ఆనించి. పడవలో నించుని చేతులెత్తి ఎన్ని కంకులని కోస్తామండీ? మొదట్లో ఒక్క వేటు."

"కోశాక?"

"కోశాక ఏముందండీ, ఇంటికెళ్ళి అన్నం తింటాం."

మీరు అన్నం తింటారు, జమ్ముకు ఊపిరి ఆగిపోతుంది అన్నాను. జమ్ము ఆకును అడ్డంగా చీల్చి అతని చేతిలో పెట్టాను. లోపలంతా గదులు గదులుగా గాలి. బురదలో గాలి ఉండదు. అందుకని ఆకు పైనుంచి పీల్చి ఆ గదుల గుండా దుంపకు పంపుతుంది. ఎండిన కాడ కూడా ఆ పని చేస్తుంది. కాడను నీటి బారున తెంపి, ఆ పైన మట్టం రెండు వేళ్ళు పెంచితే, నీళ్ళు ఆ గదుల్లోకి దిగుతాయి. దుంప ఏటేటా నీరసించి, చివరికి మునిగిపోయిన మనిషిలా చస్తుంది.

కొండలు ఆకును చాలాసేపు చూశాడు. "ఇది ముందే చెప్పుంటే తలకాయ దగ్గర కోసేవాళ్ళం కదండీ," అన్నాడు.

ఎవరు అడిగారు? ముప్పై ఒక్క ఏళ్ళలో కొలబద్ద దగ్గరి మనిషిని మొక్క గురించి అడిగినవాడు లేడు.

ఈ లంకలో రెండు నియమాలున్నాయి. కంకి పండకూడదు. మట్టం గీత దిగకూడదు. దేనికది చూస్తే రెండూ బుద్ధిగానే కనిపిస్తాయి. రెండూ కలిసి ఒక మొక్క ముక్కూ నోరూ మూశాయి. రెండింటినీ పెట్టినవాడు పరాంకుశం.

పుష్యం 20. మట్టం: ఏడు జానల వేలు

పరాంకుశం, నేను మెట్టలో ఒకే కళాశాలలో చదివాం. ఒకే పడవలో ఈ లంకకు వచ్చాం. గట్టు కట్టిన మొదటి ఏడు ఇక్కడి జమ్ము ఎవరూ నాటినది కాదు. నూరు రకాల తల్లులకు పుట్టిన అడవి జమ్ము. కార్తీకంలో కంకులు పండి పగిలాయి. ఒక్కో కంకిలో రెండు లక్షల గింజలు. ఒక్కో గింజకూ దూది రెక్క. మూడు రోజులు లంక మీద మంచు కురిసినట్టు దూది ఎగిరింది. అందరం బయటికొచ్చి చూసి మురిసిపోయాం. ఆ దూది జల్లెడ నోట్లోకి పోయి, గొట్టాల్లో ఉండలు కట్టి, యంత్రం ఆగింది. మెట్ట నుంచి కొత్త గొట్టాలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజున, ఉప్పు నీళ్ళు తాగి, పరాంకుశం కొడుకు మురారి చనిపోయాడు. ఆరేళ్ళవాడు.

అడవి జమ్మంతా పీకేయాలని, దూది తక్కువ వేసే ఒక్క దుంపనే ఉంచుకోవాలని, దాని కంకీ పండనివ్వకూడదని పరాంకుశం అన్నాడు. మళ్ళీ యంత్రం ఆగితే తాగడానికి నిలవ ఉండాలి కనుక మట్టం గీత దిగకూడదన్నాడు. నేను తొమ్మిది పేజీల అభ్యంతరం రాశాను. లంక సంఘం నన్ను మొక్కల పని నుంచి తీసేసి కొలబద్ద దగ్గర పెట్టింది. అప్పటి నుంచి ఇద్దరం మాట్లాడుకోలేదు.

చావు వచ్చిన ఇంటివాళ్ళు పెట్టిన నియమాన్ని ఆ ఇంటివాళ్ళే వెనక్కి తీసుకోవాలి. సంఘానికి, గట్టు పెద్దకు ఆ హక్కు లేదు. దీన్ని ఇంటిమాట అంటారు. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది పరాంకుశం ఒక్కడే. డెబ్భై ఎనిమిదేళ్ళు, చూపు లేదు, ఈ చలికాలం రెండుసార్లు జబ్బు చేసింది. వాడు పోతే ఇంటిమాట శాశ్వతం.

మాఘం 2. మట్టం: ఏడు జానల వేలు

నూట పది బారలు. తూర్పు గట్టు మట్టి ఒకచోట అరచేయి మేర జారింది. మార్తమ్మ నన్నూ కొండల్నీ పిలిపించింది.

"మెట్ట నుంచి వేరే దుంపలు తెప్పిస్తేనో?" అంది.

"అడిగితే ఎందుకని అడుగుతారు. చెప్తే లెక్కపెట్టేవాళ్ళను పంపుతారు."

"మరి మొక్క ఎక్కణ్ణించొస్తుంది బాబాయ్?"

"బురదలో ఉంది."

ఆ మొదటి ఏటి దూదిలో సగం ఈ చెరువులోనే పడింది. గింజ తడిస్తే రెక్క వదిలేసి మునుగుతుంది. మునిగాక మొలవదు. చావదు కూడా. దానికి కావలసినది ఎండ తగిలే తడి బురద. పైన నీరుంటే వేలి మందాన్ని మించకూడదు. ఏడు జానల లోతులో, చీకట్లో, ముప్పై ఒక్క ఏళ్ళుగా కోటానుకోట్ల గింజలు ఎదురు చూస్తున్నాయి. ఒక్క నెల తూము ఎత్తి చెరువు దించితే చాలు.

"చెరువు దించితే తాగేదేంటి?" అంది మార్తమ్మ.

"నెల రోజులు కాస్త..."

"నాలుగొందల మందికి నెల రోజులు కాస్తా? ఆ కాస్త ఏదో నువ్వొచ్చి పంచు."

అప్పుడు కొండలు గొంతు సవరించుకున్నాడు. "చెరువంతా ఎందుకండీ? కొర్రమీను పట్టేటప్పుడు ఏం చేస్తామండీ? మూలకి మట్టి కట్టేసి, లోపలి నీళ్ళు గూడతో అవతలకి తోడేస్తాం. ఈశాన్యం మూల మోకాలు లోతేనండి. తోడిన నీళ్ళు ఎక్కడికీ పోవు. చెరువులోనే ఉంటాయి."

మార్తమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. నా తొమ్మిది పేజీల్లో చెరువు దించడం గురించి ఒక పేజీ ఉంది. మూల కట్టడం గురించి ఒక ముక్క లేదు. చేపలు పట్టేవాళ్ళతో మాట్లాడాలన్న ఆలోచన నాకు రాలేదు.

"మూలైనా గీత దిగినట్టే," అంది మార్తమ్మ. "ఇంటిమాట కావాలి. నేను అడిగితే ఆయన ఇవ్వడు బాబాయ్. నిన్నడుగుతాడు. నీ నోటితోనే చెప్పమంటాడు."

మాఘం 7. మట్టం: ఏడు జానల వేలు

వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

మాఘం 9. మట్టం: ఏడు జానలు

నూట డెబ్భై బారలు. వెళ్ళలేదు. పరాంకుశం చేసింది తప్పని రుజువైంది. రుజువైనవాడి దగ్గరికి రుజువు చేసినవాడు ఎందుకు వెళ్ళాలి? గట్టు జారితే శిబిరంలో పక్క మంచం మీద వాడుంటే అప్పుడు చెప్తాను అని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడాలి గాని, ఈ వయసులో దానికీ ఓపిక కావాలి.

మాఘం 11. మట్టం: ఏడు జానలు

వెళ్ళాను. నా గదికి, వాడి ఇంటికి మధ్య మూడు వందల అడుగులు.

వాడు అరుగు మీద కూర్చుని జమ్ము ఆకుతో చాప అల్లుతున్నాడు. కళ్ళు నా మీద నుంచి జారి ఎటో చూస్తున్నాయి. వేళ్ళు ఆగలేదు.

"ఆ కర్ర చప్పుడు భుజంగంగాడిదిలా ఉందే," అన్నాడు.

"నాదే."

"నేను పోబోతున్నానని ఎవరైనా చెప్పారా?"

"చెప్తే వచ్చేవాణ్ణి కాదు."

"కూచో అయితే."

చెప్పాను. కుళ్ళు గురించి, కాడల గురించి, మూల గురించి. నియమాలు రెండూ కలిసి ఏం చేశాయో చెప్పేటప్పుడు గొంతు కాస్త పెరిగింది. తగ్గించుకున్నాను.

"అయిందా? గెలిచావు," అన్నాడు. "ఎలా ఉంది?"

"ఏం లేదు. కాళ్ళు లాగుతున్నాయి."

వాడు నవ్వాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక చాప పక్కన పెట్టాడు. "నీ కాగితాలు దాచుకున్నావా?"

"ఏ కాగితాలు?"

"నాటకాలాడకురా. తొమ్మిది పేజీలు. నాలుగో పేజీలో మావాడి మీద ఒక వాక్యం ఉంది. నేను చదివాను. వాళ్ళమ్మ చదివింది. జనం చదవలేదు, సంఘంవాళ్ళు పెట్టెలో పెట్టేశారు. రేపో ఎల్లుండో గట్టు మీద నించుని దాన్ని పైకి చదువు. చదివితే ఇంటిమాట వెనక్కి తీసుకుంటా."

"ఒక్క వాక్యమా, మొత్తమా?"

"మొత్తం వినే ఓపిక ఎవరికుందిరా? అప్పుడూ లేదు."

మాఘం 13. మట్టం: ఏడు జానలు

లంకంతా గట్టు మీదికి వచ్చింది. నేను ఎందుకు చదవాలో వాళ్ళకు తెలియదు. పరాంకుశాన్ని కుర్చీలో మోసుకొచ్చారు.

చదివాను. "ఒక పసివాడి మరణం విచారకరమే అయినను, దానిని సాకుగా గైకొని ఒక జాతి సంతానమునంతటిని నరికివేయుట విజ్ఞులు చేయదగిన పని కాదు."

రాసిన నాడు ఈ వాక్యం చూసుకుని మురిశాను. 'విచారకరమే' అనాలా, 'శోచనీయమే' అనాలా అని ఒక పూట ఆలోచించాను కూడా. మురారి పోయి అప్పటికి పన్నెండు రోజులు.

వెనక నుంచి ఒక ఆడమనిషి "అయ్యో, సాకా?" అంది. అంతే. అన్నది ఎవరో చూడలేదు.

"నీళ్ళు తోడుకోండి," అన్నాడు పరాంకుశం. కుర్చీ ఎత్తమన్నాడు.

మాఘం 17. మట్టం: ఏడు జానలు. మూలలో: బురద

మట్టి కట్ట వెయ్యడానికి రెండు రోజులు, తోడడానికి రెండు రోజులు పట్టింది. గూడ అంటే రేకు బుట్టకు రెండు పక్కలా తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే ఊపులో ముంచి, లేపి, కట్ట మీదుగా విసరాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే నీళ్ళు కాళ్ళ మీద పడతాయి. ఎనిమిది జతలు పని చేశాయి. పాటల్లో సగం నా మీదే అనుకుంటాను. విననట్టు కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి బురద పైకి తేలింది. నల్లగా, మెరుస్తూ, చేపల వాసనతో. ఆడవాళ్ళు కొర్రమీనులు ఏరుకున్నారు. మార్తమ్మ నాకు రెండు పంపింది. చప్పగా వండాను.

మాఘం 28. మట్టం: ఆరు జానల పదకొండు వేళ్ళు. మూలలో: బురద

ఏమీ లేదు. బురద ఎండి పగలకుండా రోజూ పూటపూటా నీళ్ళు చల్లిస్తున్నాను.

"గింజలు బతికున్నాయని నీకెలా తెలుసు బాబాయ్?" అంది మార్తమ్మ.

"చదివాను."

"ముప్పై ఒక్క ఏళ్ళు బతుకుతాయని రాసుందా?"

రాసి లేదు. ఇరవై దాకా రాసి ఉంది. ఆమెకు చెప్పలేదు. తూర్పు గట్టున రెండో చోట మట్టి జారింది. మార్తమ్మ అక్కడ తాటి మొద్దులు పాతించింది.

ఫాల్గుణం 2. మూలలో: బురద మీద పచ్చ

పొద్దున వంగి చూస్తే బురద మీద పచ్చటి నూగు. గడ్డం గీసిన రెండో రోజు మొహంలా ఉంది. ఒక్కొక్కటీ వెంట్రుక మందం. వేళ్ళతో లెక్కపెట్టలేను, చూపు ఆనదు. మోకాళ్ళ మీద కూర్చుని లేవలేకపోతే కొండలు చంకల కింద చేతులేసి లేపాడు.

"అవేనాండీ?"

"తెలియదు."

"మీకూ తెలియదాండీ!" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

ఫాల్గుణం 16. మూలలో: బురద, వేలెడు మొలకలు

పెరిగినవాటిలో ఎక్కువ తుంగ. బురదకు ఎండ తగిలితే తుంగ కూడా లేస్తుంది, జమ్ము కన్నా ముందు లేస్తుంది. పీకకపోతే జమ్మును కప్పేస్తుంది. ఈ వయసు మొలకల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నిన్న కోతగాళ్ళు తుంగ అనుకుని జమ్ము పీకారు. ఎన్ని పోయాయో రాయను.

ఇవాళ పరాంకుశం వచ్చాడు, ఎవరో చెయ్యి పట్టుకుంటే. అడగకుండానే బురదలో చతికిలబడ్డాడు. ఒక మొలకను రెండు వేళ్ళ మధ్య దొర్లించాడు.

"ఇది మూడు పలకలు. తుంగ. పీకు," అన్నాడు. తర్వాతదాన్ని దొర్లించాడు. "ఇది దొర్లదు, బల్లపరుపు. జమ్ము. ఉంచు."

ముప్పై ఏళ్ళు జమ్ము ఆకుతో చాపలు అల్లిన వేళ్ళు. నేను పుల్లలు గుచ్చుతూ వెనకే నడిచాను. మధ్యాహ్నం దాకా ఒక్క తప్పు చెయ్యలేదు. తప్పు చేస్తాడేమోనని ప్రతిదీ నా అద్దంతో మళ్ళీ చూశాను.

"నమ్మకం లేదా?" అన్నాడు.

"లేదు."

"మంచిది. చూసుకో."

నాలుగు వందల ముప్పై రెండు జమ్ము మొలకలు. ఒక్కోటి ఒక్కో తల్లిది. ఇవి ఏడాది తిరిగేలోగా బురదలో సొంత వేరు పరిచి, జానకో పిలకను లేపుతాయి. రెండేళ్ళలో తూర్పు గట్టుకు సరిపోతాయి. అందాకా తాటి మొద్దులే గట్టును ఆపాలి. ఇప్పటి నుంచి నాలుగు రోజులకో వేలు చొప్పున నీరు పెంచాలి. ఆకు కొస ఎప్పుడూ పైనే ఉండాలి. కొస మునిగితే అయిపోయినట్టే.

ఫాల్గుణం 24. మూలలో: ఒక జాన, వద్దనుకున్నది

ఈ నెలలో వాన పడదు. పడింది. పదకొండు గంటలకు మొదలైంది. పన్నెండింటికి మూలలో నీరు మూడు వేళ్ళ నుంచి జానకు లేచింది. పుల్లలు మునిగాయి. మొలకలు కనిపించడం లేదు.

లంకలో ఉన్న గూడలన్నీ వచ్చాయి. జతలు తక్కువ. మగవాళ్ళు సగం మంది తూర్పు గట్టు మొద్దుల దగ్గర ఉన్నారు. ఒక గూడ ఖాళీగా పడి ఉంటే తాడు పట్టుకున్నాను. ఎదురు తాడు పట్టుకునే మనిషి కోసం అరిచాను. పట్టుకున్నది పరాంకుశం.

"నీకు కనపడదురా."

"గూడకి కళ్ళెందుకు? చెప్పు, ఎప్పుడు వంగాలో."

"వంగు" అంటే వంగాడు. "లే" అంటే లేచాడు. మొదటి మూడు గూడలు మా కాళ్ళ మీదే పోసుకున్నాం. నాలుగోది కట్ట దాటింది. తర్వాత చెప్పడం మానేశాను, ఊపిరి అందక. వాడు తాడు లాగుడును బట్టి వంగాడు. అరవై మూడు గూడలు లెక్కపెట్టాను. అరవై నాలుగోదానికి ఇద్దరం కూర్చుండిపోయాం. మార్తమ్మ వచ్చి తాళ్ళు లాక్కుంది.

"ఇద్దరూ ఒకేసారి ప్రాణం మీదికి తెచ్చుకోండి, మోయడానికి నాకింకెవరూ లేరిక్కడ!" అని కేకలేసింది. కట్ట మీద గోనెపట్టా కప్పి కూర్చోబెట్టింది.

మూడింటికి వాన ఆగింది. ఐదింటికి నీరు నాలుగు వేళ్ళకు దిగింది. కొండలు పడుకుని, చెంప నీటికి ఆనించి లెక్కపెట్టాడు.

"రెండొందల ఆరండీ. తలలు పైకున్నాయి."

ఫాల్గుణం 25. మట్టం: ఏడు జానల వేలు. మూలలో: నాలుగు వేళ్ళు

నిన్న ఆ పట్టా కింద జరిగిన మాటలు రాయాలి.

లెక్క విన్నాక పరాంకుశం అడిగాడు: "దూది ఎప్పుడు?"

"వచ్చే కార్తీకం కాదు. ఆ పై కార్తీకం."

"ఉంటామంటావా?"

"నువ్వుండవు."

"నువ్వుంటావేం?"

"నేనూ ఉండను."

కాసేపు దగ్గాడు. "జల్లెడకి గుడ్డ కట్టమని చెప్పు," అన్నాడు.

"ఏం గుడ్డ?"

"ఏదో ఒక గుడ్డ. పాత పంచె. రెండు మడతలేసి నోటికి కట్టి, పూటకోసారి విప్పి ఉతుక్కుంటే దూది లోపలికి పోదు. అంతేరా."

వాన ఆగినా పట్టా అంచు నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. అంతే. ఒక పాత పంచె. నా తొమ్మిది పేజీల్లో ఏ ఏ నదుల మీద ఏ ఏ కాలాల్లో దూది ఎగిరిందో ఉంది. గింజ బరువు ఉంది. గుడ్డ లేదు.

"నీకెప్పుడు తోచింది?" అన్నాను.

"మూడో రోజు. అప్పటికే గొట్టాల్లో గట్టిపడిపోయింది. మావాడింకా ఉన్నాడు అప్పటికి, ఆడుకుంటున్నాడు." ముఖం తుడుచుకున్నాడు. "ఆ నెల జల్లెడ కాపలా ఎవరిది?"

గుర్తుంది. పరాంకుశానిదే.

"వాళ్ళమ్మకి చెప్పలేకపోయాను. తప్పంతా జమ్ము మీద పెట్టేశాను. అది తిరిగి మాట్లాడదు కదా."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇలాంటి మాట ఒక్కటి వాడి నోట రావాలని కాచుకుని ఉన్నాను. వస్తే ఏం అనాలో కూడా చాలాసార్లు సిద్ధం చేసుకున్నాను. చలికి వాడి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పట్టా కొస వాడి వైపు జరిపాను. నా భుజం తడిసింది.

ఇవాళ పొద్దున లంక కొలత పుస్తకంలో అంకె కింద మొదటిసారి మాటలు రాశాను: "కంకి పండే నెలంతా జల్లెడ నోటికి రెండు మడతల గుడ్డ కట్టవలెను. పూటకొకసారి విప్పి ఉతకవలెను. కంకిని కోయరాదు." కింద రెండు పేర్లు వేశాను, పరాంకుశం పేరు ముందు.

మార్తమ్మ వచ్చి చదివింది. రెండుసార్లు చదివింది. జల్లెడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇంత చిన్న పని," అంది. "అప్పుడెందుకు చెయ్యలేదు బాబాయ్?"

"తోచలేదమ్మా."

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ," అన్నాను.